నేను తట్టని తలుపు

నేను సిరా చుక్క పెట్టిన వేళ్ళు వేలల్లో ఉంటాయి. నా వేలికి మాత్రం ఒక్కసారీ ఎవరూ పెట్టలేదు. ముప్పై ఏళ్ళకి పైగా ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పి, వచ్చిన ప్రతి ఎన్నికలోనూ డ్యూటీ చేసి, ఒక్క ఓటు కూడా వెయ్యకుండా రిటైరయిన మనిషిని నేను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. సిగ్గు ఒక కారణం. అడిగేవాళ్ళు లేకపోవడం ఇంకో కారణం.

మా మండలంలో ఎన్నికల డ్యూటీలు వేసేటప్పుడు నా పేరు ముందు రాసేవారు. “ఆవిడకేముందండి, ఒంటి మనిషి, ఎక్కడికేసినా వెళ్తారు” అనేవారు మా హెడ్మాస్టరు గారు. మిగతా టీచర్లకి చంటిపిల్లలుండేవారు, అత్తగార్లకి పక్షవాతాలుండేవి, సరిగ్గా పోలింగు రోజుకే ఆడపడుచుల పెళ్ళిళ్ళు కూడా కుదిరేవి. నాకు అవేమీ లేవు. పెళ్ళి సంబంధాలు రాక కాదు, వచ్చినవి నచ్చక మానేశాను. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. దాంతో గోదావరి లంకల్లో పోలింగ్ స్టేషన్లన్నీ నా వంతుకే వచ్చేవి. ముందురోజు మధ్యాహ్నమే యంత్రాల పెట్టెలు పంటు మీదికెక్కించి, అవతలి ఒడ్డున చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఇసకలో దిగి, అక్కడి బడి బల్లలే మంచాలుగా పడుకోవడం నాకు అలవాటైపోయింది.

పోలింగు గదిలో వరసగా ముగ్గురం కూర్చుంటాం. మొదటి ఆఫీసరు జాబితాలో పేరు చూసి, పార్టీల ఏజెంట్లకి వినపడేలా పైకి చదవాలి. రెండో ఆఫీసరు ఎడమచేతి చూపుడువేలికి సిరా పూసి రిజిస్టర్లో సంతకం తీసుకోవాలి. మూడో ఆఫీసరు యంత్రం మీట నొక్కి ఓటరుని లోపలికి పంపాలి. నాదెప్పుడూ రెండో కుర్చీయే. సాయంత్రానికి నా పది వేళ్ళూ మరకలే. మర్నాడు బడికెళ్తే పిల్లలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “మా టీచరు పది ఓట్లేసిందిరా” అని నవ్వుకునేవారు. నేనూ నవ్వేదాన్ని.

డ్యూటీలో ఉన్నవాళ్ళు తమ ఓటు పోస్టల్ బ్యాలెట్ మీద వేసి పంపాలి. దానికొక దరఖాస్తు పెట్టుకోవాలి. మొదటిసారి ఆ దరఖాస్తులో బదిలీకి ముందున్న ఊరి చిరునామా రాసిచ్చాను. కాగితం ఊళ్ళు తిరిగి నా చేతికొచ్చేసరికి గెలిచినవాళ్ళు ప్రమాణస్వీకారాలు కూడా చేసేశారు. రెండోసారి వేళకే వచ్చింది. దాని మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ బీరువాలో చీరల కింద పెట్టి మర్చిపోయాను. మూడోసారి నుంచి దరఖాస్తు పెట్టడమే మానేశాను. అది నిరసన కాదు, సిద్ధాంతం అసలే కాదు. ఉత్త బద్ధకం. నా ఒక్క ఓటుతో గోదావరికి వరదొస్తుందా అనుకున్నాను. అలా అనుకుంటూనే పిల్లల చేతికి అట్టముక్కలిచ్చి, ‘ఓటు మన హక్కు’ అని అరిపిస్తూ ఊరంతా తిప్పాను. చెప్పేవి శ్రీరంగనీతులని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

ఒకసారి రాజమండ్రిలో ఎన్నికల శిక్షణ తరగతి జరిగింది. మధ్యాహ్నం చెట్టు నీడన కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకున్నాం. మా బడి లెక్కల మాస్టారు నా పక్కనే కూర్చున్నారు. ఆయనకి కోపం వస్తే మెడ మీద నరం లేస్తుంది. ఆ రోజు అది లేచే ఉంది.

“ఓటు వెయ్యనివాడికి జరిమానా వెయ్యాలండి. కొన్ని దేశాల్లో చట్టమే ఉంది. అలా చేస్తే చచ్చినట్టు వస్తారు” అన్నారు.

“చచ్చినట్టు వచ్చినవాడు చచ్చినట్టే వేస్తాడండి. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి నొక్కేసి పోతాడు. దానివల్ల ఏంటి లాభం?” అన్నాను.

“నొక్కనివ్వండి. ముందు రావడం అలవాటవ్వాలి కదండీ. మన బడికి మాత్రం పిల్లలు ఇష్టపడి వస్తున్నారేంటి? లాక్కొస్తేనేగా వచ్చేది. వచ్చాక నాలుగు ముక్కలు నేర్చుకుంటున్నారా లేదా?”

నేనేదో అనబోయాను. ఆయన చేత్తో ఆపి, “మీరు ఎప్పుడూ మానకుండా వేస్తారు కాబట్టి మీకు వాళ్ళ మీద జాలండి. నాకు లేదు” అన్నారు. నేను తలొంచుకుని పులిహోరలో పచ్చిమిరపకాయలు ఏరాను. ఆ చట్టమే వస్తే మా మండలంలో మొదటి జరిమానా నాకే పడుతుందని ఆయనకేం తెలుసు.

నాలో మార్పు ఉప్పాడలో వచ్చింది. ఆ ఏడు నన్ను అక్కడికి వేశారు. ఊరంటే ఊరు కాదది, ఏడాదికి కొంత సముద్రంలోకి జారిపోతున్న ఒడ్డు. ఓటర్ల జాబితాలో ఇంటి నంబర్లున్నాయి, ఆ ఇళ్ళు మాత్రం నీళ్ళలో ఉన్నాయి. మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చింది. చేపల బుట్ట బయట దింపి, తల మీది చుట్టకుదురు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చింది. ఒక ఏజెంటు కుర్రాడు అనుమానంగా, “ఇల్లెక్కడ మామ్మా?” అన్నాడు. ఆవిడ గడ్డంతో కిటికీ వైపు చూపించింది. కిటికీలోంచి సముద్రం తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. “ఆ రెండో పడవ లేదూ, దాని కింద” అంది.

ఎవరూ నవ్వలేదు. మొదటి ఆఫీసరు ఆవిడ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు గట్టిగా చదివాడు. ఆవిడ చీర కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడి, “ఆయ్, నేనేనండి” అంది. ఇల్లు పోయింది, వీధి పోయింది, ఆ పేరు మాత్రం అక్కడ కాగితం మీద ఉంది. పిలిస్తే పలికింది. సిరా పూశాక కూడా ఆవిడ వేలు వెంటనే వదల్లేకపోయాను.

అప్పటినుంచి నేను సిరా పని చేస్తూ పేర్లు వినడం మొదలుపెట్టాను. ఆడవాళ్ళ పేర్లు మరీ ముఖ్యంగా. ఏడాది పొడుగునా వాళ్ళు ఫలానావాళ్ళ కోడలు, ఫలానా పిల్లాడి తల్లి. ఆ ఒక్కరోజు నలుగురు మగవాళ్ళు కూర్చున్న గదిలో వాళ్ళ సొంత పేరు గట్టిగా వినపడుతుంది. కొందరు సిగ్గుపడేవారు. కొందరు ఎవర్నో పిలిచారనుకుని వెనక్కి తిరిగి చూసేవారు. నేను చేసిన లంకల్లో ఆడవాళ్ళ వరస ఎప్పుడూ మగవాళ్ళ వరసకంటే పొడుగ్గా ఉండేది. పథకాల కోసం వస్తారని, పంచిపెట్టిన డబ్బుల కోసం వస్తారని మా మాస్టార్లు అనేవారు. ఉండొచ్చు. ఇంకో కారణం కూడా ఉండొచ్చని నాకనిపించింది.

మరి నన్ను ఎవరు పిలుస్తారు? బడిలో టీచరుగారిని. వీధిలో టీచరుగారిని. బ్యాంకులో టోకెన్ నంబరుని. పోస్టుమ్యాన్ సైతం “టీచరుగారండీ” అని ఉత్తరం గుమ్మంలో పడేసి పోతాడు. నన్ను పేరు పెట్టి పిలిచిన ఆఖరి మనిషి మా అమ్మ. ఆవిడ పోయాక ఆ పేరు సంతకంలో తప్ప ఎక్కడా లేదు. అది గుర్తొచ్చిన రోజున నేను గట్టిగా అనుకున్నాను. రిటైరయ్యాక డ్యూటీ ఉండదు. అప్పుడు అందరిలాగా వరసలో నిలబడాలి. నా పేరు ఆ గదిలో చదవాలి, నేను పలకాలి, నా ఓటు నేను వెయ్యాలి. దేశాన్ని ఉద్ధరించాలని కాదు. నేనూ ఒక మనిషినేనని ఒక్కసారి నలుగురి ముందు లెక్కకి రావాలి. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, ఆ వయసులో నాకున్న కోరిక అదొక్కటే.

రిటైరయ్యే ఏడాది నన్ను మా వార్డుకే బి.ఎల్.వో.గా వేశారు. అంటే ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ఉన్నవాళ్ళని ఉన్నారని, పోయినవాళ్ళని పోయారని, ఊరు మారినవాళ్ళని మారారని రాసుకునే పని. తలుపు తట్టాలి, మనిషిని కళ్ళతో చూడాలి, పేరు పక్కన టిక్కు పెట్టాలి. తాళం ఉంటే మళ్ళీ వెళ్ళాలి. మూడుసార్లు వెళ్ళినా తాళమే ఉంటే ‘లేరు’ అని రాయాలి.

ఆ నెల రోజులూ నేను చాలా సంతోషంగా ఉన్నానని చెప్పాలి. మా వీధి కాలవగట్టు పక్కన ఉంటుంది. చివరి ఇంట్లో ముందు వాటా నాది. పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నా, చాలా ఇళ్ళ గుమ్మం నేనెక్కింది ఆ నెలలోనే. బడి నుంచి రావడం, తలుపు గడియ పెట్టుకోవడం. నా వాలకం చూసి కోపిష్ఠిదాన్ననుకుని ఎవరూ వచ్చేవారు కాదు. కోపిష్ఠిదాన్నే, కాదనను. కానీ చేతిలో జాబితా ఉంటే కథే వేరు. “రండి టీచరుగారు, కూర్చోండి” అని కుర్చీ వేసేవారు. కాఫీలిచ్చేవారు. పిల్లల పెళ్ళిళ్ళ గురించి, మోకాళ్ళ నెప్పుల గురించి చెప్పేవారు. పది నిమిషాల్లో అయ్యే ఇంటికి నేను ముప్పావు గంట చేసేదాన్ని.

మా ఎదురింటాయన కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన ఎప్పుడూ ఓటు వెయ్యరు. నేను వెళ్ళేసరికి అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు.

“నా పేరు తీసెయ్యండి టీచరుగారు” అన్నారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

“ఎందుకండి?”

“వెయ్యనివాడికి పేరెందుకండి, దండగ. ఎవడొచ్చినా మన కాలవలో గుర్రపుడెక్క తీసే నాథుడు లేడు. ఆ ఆఫీసులో ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు తెలీదా?”

లోపలి నుంచి ఆయన భార్య, “తీసెయ్యండి టీచరుగారు. ఆ పేరుతో ఇంట్లోనూ పెద్ద పనేం లేదు” అంది.

“తీసెయ్యాలంటే మీరు పోయి ఉండాలండి, లేకపోతే ఊరు మారి ఉండాలి. రెండిట్లో ఏది రాసుకోమంటారో చెప్పండి” అన్నాను. ఆయన పకపకా నవ్వి, “అయితే ఉంచండి” అన్నారు. ఆయన పేరు పక్కన టిక్కు పెట్టి, కాఫీ తాగి, రోడ్డు దాటి ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను.

పని పూర్తయ్యాక కాగితాలు ఆఫీసులో ఇచ్చాను. తీసెయ్యాల్సిన పేర్ల జాబితా అచ్చయి వచ్చింది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి దాన్ని బడి గోడకి అంటించాలి. మైదాపిండి ఉడకబెట్టి జిగురు కాసింది నేనే. అంటించింది నేనే. కింద సంతకం పెట్టింది కూడా నేనే. చదవలేదు. చదవడానికి ఏముంది, పోయినవాళ్ళెవరో, ఊరు మారినవాళ్ళెవరో నాకంటే తెలిసినవాళ్ళెవరు? అదే నెలాఖరున రిటైరయ్యాను. శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి పంపించారు.

ఎన్నికలు మంచి ఎండల్లో వచ్చాయి. పోలింగు రోజు తెల్లారకుండానే తలంటుకుని, జరీ అంచు నేత చీర కట్టుకుని, ఓటరు కార్డు సంచీలో పెట్టుకుని బయల్దేరాను. అందరికీ ఇంటికి స్లిప్పులు వచ్చాయి, నాకు రాలేదు. నా తరవాత వచ్చిన బి.ఎల్.వో. పిల్ల ఒళ్ళు వంచలేదనుకుని మనసులో నాలుగు తిట్టాను. స్లిప్పు లేకపోతే ఏం, జాబితా నేను తయారుచేసిందేగా. ఆడవాళ్ళ వరసలో ఎదురింటావిడ నా ముందే ఉంది. “ఏంటి టీచరుగారు, ఈసారి డ్యూటీ లేదాండి?” అంది. “లేదండి, ఈసారి నేను కూడా ఓటరునే” అన్నాను. ఆ మాట అంటుంటే పెళ్ళికి బయల్దేరిన చిన్నపిల్లలా ఉంది నాకు.

ఎదురింటావిడ పేరు చదివారు. ఆవిడ లోపలికి వెళ్ళింది. నా వంతు వచ్చింది. మొదటి ఆఫీసరు కుర్రవాడు, కార్డు తీసుకుని జాబితా తిరగేశాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. నా పేరు పెదాల మీదే గొణుక్కుంటున్నాడు. ఏజెంట్ల కోసం కాదు, తను వెతుక్కోవడం కోసం.

“మీ పేరు లేదండి” అన్నాడు.

“ఇంకోసారి చూడు బాబూ.”

చూశాడు. ఏజెంట్లు కూడా తమ కాగితాల్లో చూశారు. చివరికి ప్రిసైడింగ్ ఆఫీసరు లేచి వచ్చి, “చేతిలో కార్డున్నా జాబితాలో పేరుండాలి కదండి మేడమ్” అన్నాడు. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఎంతమందికి అప్పజెప్పానో. చెప్పేటప్పుడు మర్యాదగానే అనిపించేది. వినేటప్పుడు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఒక ఏజెంటు ఆశ్చర్యంగా, “అదేంటండి, మా వీధిలో ఇంటింటికీ వచ్చి రాసుకున్నది మీరే కదా!” అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. వీధిలో ప్రతి తలుపూ తట్టాను, నా తలుపు తట్టలేదు. నా పేరు పక్కన టిక్కు పెట్టలేదు. ఎవరి ఇంటికైనా వెళ్ళి, అడిగి, చూసి పెట్టేదే టిక్కు. నా ఇంటికి నేను వెళ్ళి నన్ను నేను ఎలా అడుగుతాను? మనదే కదా, తరవాత పెట్టొచ్చులే అనుకుని ఉంటాను. అనుకున్నట్టు కూడా గుర్తు లేదు. టిక్కు లేని పేరు ఖాళీగా ఆఫీసుకి వెళ్ళింది. ఖాళీ అంటే ‘లేరు’ అనే కదా అర్థం. నేను కాసిన జిగురుతో, నేను అంటించిన జాబితాలో నేనూ ఉండే ఉంటాను. రిటైరయ్యేదాకా రోజూ ఆ గోడ ముందునుంచే నడిచి బడికి వెళ్ళాను. ఎవరిమీదా కోప్పడ్డానికి లేదు. నాకు కోపం రావడం తేలిక గానీ, అది పెట్టుకోవడానికి ఆ రోజు మనిషే దొరకలేదు.

వెనక నుంచి ఎవరో, “కాస్త పక్కకి జరగండమ్మా” అన్నారు. జరిగాను.

ఇంటికి వస్తుంటే ఎదురింటాయన అరుగు మీద ఉన్నారు. ఆయన చూపు నా వేలి మీదికి వెళ్ళింది. “ఏంటి టీచరుగారు, మీరు కూడా నా పార్టీలో చేరిపోయారా?” అని నవ్వారు. “ఆయ్, చేరిపోయానండి” అని లోపలికొచ్చి, తలుపు గడియ పెట్టి, కట్టుకున్న చీర కూడా మార్చకుండా మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఓటు పోయినందుకు కాదు. ఇన్నాళ్ళు కావాలని పోగొట్టుకున్నదానికి ఇవాళ ఏడుపేంటి. ఈ ఇంట్లో ఒక మనిషి ఉందన్న సంగతి నాకే గుర్తు రాలేదే, ఇంక ఎవరికి గుర్తుంటుందని ఏడ్చాను.

సాయంత్రం నాలుగింటికి వీధిలో ఆటో ఆగింది. పార్టీ కుర్రాళ్ళు. ఏజెంట్ల దగ్గర ఎవరెవరు వేశారో రాసుకున్న కాగితాలుంటాయి. మధ్యాహ్నం దాటాక అవి బయటికొస్తాయి. వెయ్యనివాళ్ళ ఇళ్ళకి ఆటోలు వెళ్తాయి. కిటికీ రెక్క కొంచెం తెరిచి చూశాను. ఎదురింటి ముందు నిలబడి ఆయన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు.

“ఈ వీధిలో మీదొక్కటే మిగిలిందండి, రండి బాబూ” అంటున్నారు.

“నేను రానయ్యా, వెళ్ళండి.”

వెళ్ళారు. అరగంటకి రెండో పార్టీ ఆటో వచ్చింది. అదే పేరు, అదే బతిమాలడం. మళ్ళీ మొదటివాళ్ళు వచ్చారు. చెయ్యి పట్టుకుని లాగారు. ఆయన భార్య అందరికీ మజ్జిగ ఇచ్చింది. ఆయన వెళ్ళలేదు. కానీ పేపరు మడిచి పక్కన పెట్టారు, మొహం వెలిగిపోతోంది. మీదొక్కటే మిగిలిందన్నారు కదా. నాదీ మిగిలే ఉంది. వాళ్ళ కాగితంలో నేను మిగల్లేదు, అంతే. మూడు ఆటోల్లో ఒక్కటి కూడా రోడ్డుకి ఇటువైపు ఆగలేదు.

కిటికీ దగ్గర నిలబడి లెక్కల మాస్టారి మాట మీదే ఆలోచించాను. అప్పట్లో ఆ జరిమానా నాకు చెంపదెబ్బలా వినపడింది. ఇప్పుడు అలా లేదు. వెయ్యనివాళ్ళకి ఒక కాగితం పంపుతారన్నమాట. దాని మీద పేరుంటుంది, ఇంటి నంబరుంటుంది, ‘మీరెందుకు రాలేదు?’ అని ఒక ప్రశ్న ఉంటుంది. బలవంతం మంచిదా కాదా నాకు తెలీదు. కళ్ళు మూసుకుని నొక్కేవాళ్ళ ఓటుతో ఏం బాగుపడతామో కూడా తెలీదు. కానీ రాలేదేమని అడిగారంటే, వస్తావని ఎదురుచూశారని కదా. నేనైతే ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకునేదాన్ని. అంతలోనే ఇంకోటి తట్టి నవ్వొచ్చింది. ఆ చట్టమే వచ్చినా నాకు ఆ కాగితం రాదు. జాబితాలో లేని మనిషిని రాలేదేమని ఎవరడుగుతారు?

ఫలితాలొచ్చాక కొన్నాళ్ళకి వార్డు సచివాలయానికి వెళ్ళి, కొత్తగా పేరు చేర్చుకునే ఫారం అడిగాను. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలు నింపే ఫారం అది. కుర్చీలో ఉన్న అమ్మాయి, “మనవరాలికాండి?” అంది. “నాకే” అన్నాను. పెన్ను ఆపి నెరిసిన నా తల వైపు చూసింది. “బి.ఎల్.వో. వచ్చి ఇల్లు చూస్తారండి. ఇంట్లోనే ఉండండి, తాళం ఉంటే మళ్ళీ కష్టం” అంది. నాకే చెబుతోంది ఆ సంగతి.

మర్నాటి నుంచి నేను ఇల్లు కదల్లేదు. తాళం చూసి ‘లేరు’ అని ఎంత తేలిగ్గా రాస్తారో నాకు తెలుసు. గడియ తీసి తలుపు బార్లా తెరిచాను. గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కూరలు బండివాడి దగ్గరే కొన్నాను. స్నానం కూడా రెండు చెంబుల్లో ముగించుకుని వచ్చేసేదాన్ని. పద్దెనిమిదేళ్ళుగా మూసి ఉన్న తలుపు తెరుచుకునేసరికి వీధికి అనుమానమొచ్చింది. నాలుగో రోజున ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, “ఒంట్లో బాగోలేదాండి? తలుపు తీసే ఉంటోంది” అంది. పేరు పోయిన సంగతి చెప్పాను. ఆవిడ నోరు నొక్కుకుని, “అయ్యో, మమ్మల్నందర్నీ రాసుకుని మిమ్మల్ని మర్చిపోయారా టీచరుగారు!” అంది. జాలిపడిందో, నవ్వాపుకుందో తెలీదు. వెళ్తూ ఒక గిన్నెలో పనసపొట్టు కూర ఇచ్చి వెళ్ళింది. ఆ కూర ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. చాలా బాగుంది, చెప్పడానికి మాత్రం మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళలేకపోయాను.

తొమ్మిది రోజులు గడిచాయి. బి.ఎల్.వో. రాలేదు. పదో రోజు పొద్దున పాలు విరిగిపోయాయి. కాఫీ లేకపోతే నాకు తలనెప్పి వస్తుంది. ఎంతసేపు, వీధి మొదట్లో కొట్టు, వెళ్ళి వచ్చేద్దామనుకున్నాను. చెయ్యి పాత అలవాటు మర్చిపోలేదు, వెళ్తూ వెళ్తూ తాళం వేసేశాను.

కొట్టు దగ్గర పాల పేకెట్టు అడిగి నిలబడ్డాను. దూరంగా వీధి చివర్నుంచి ఎవరో ఆడమనిషి ఎవర్నో పిలుస్తోంది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, చివర గారు, రాగం తీసి గట్టిగా. పాతకాలం పేరు, ఈ రోజుల్లో ఎవరూ పెట్టడం లేదు, ఎవరో పెద్దావిడై ఉంటుందనుకున్నాను. కొట్టతను పేకెట్టు చేతికిచ్చాడు. మళ్ళీ పిలిచింది. పాపం ఎవరో పలకడం లేదనుకున్నాను.

మూడోసారికి కొట్టతను వీధి చివరికి చూసి, “మిమ్మల్నేమోనండి. మీ ఇంటి ముందే నిలబడి పిలుస్తున్నారు” అన్నాడు.

తిరిగి చూశాను. నా తాళం ముందు ఒక అమ్మాయి చేతిలో కాగితాలతో నిలబడి ఉంది. పక్కన ఎదురింటావిడ ఆ కాగితంలోకి వంగి చూసి, తలెత్తి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, నా పేరు పెట్టి పిలుస్తోంది. ఆ అమ్మాయి పెన్ను తీసింది.

“ఉన్నానండీ!” అని అరిచాను. పాల పేకెట్టు బల్ల మీదే వదిలేసి, “రాయకండి, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను” అని అరుస్తూ వీధంతా చూస్తుండగా పరిగెత్తాను.